డీడీ మీద పసుపు

మా పైవాటాలో ఉంటన్న అమ్మాయి యూనివర్సిటీలో చదువుతంది. మొన్న ఆదివారం చేతిలో కాయితాల కట్టతో మెట్లు దిగి వచ్చింది. ఏదో ప్రాజెక్టట. యూనివర్సిటీ పిల్లలు ఆన్‌లైన్లో డబ్బు ఎందుకు కడుతున్నారు, వాళ్ళని అటు తిప్పిన కారణాలేటి అని తోటి పిల్లల్ని అడిగి రాసుకోవాలట. తెలుగులో తప్పులుంటే దిద్దమని నా చేతిలో పెట్టింది. చదివేను. పని తొందరగా అవుతుంది, దానికొక గడి. ఇంట్లో కూర్చునే కట్టొచ్చు, దానికొక గడి. స్నేహితులు వాడుతున్నారు, నమ్మకం ఉంది, వాటికి చెరొకటి. నచ్చిన గడిలో టిక్కు పెట్టడమే.

"భయం అన్న గడి పెట్టలేదేటే?" అన్నాను.

భయం దేనికాంటీ అని నవ్విందా పిల్ల. ఫోను నొక్కితే ఫీజు వెళ్ళిపోద్దట, వెళ్ళినట్టు రసీదు కూడా అక్కడికక్కడే వచ్చేస్తదట. నాకు ఒళ్ళు మండింది. ఆ పిల్ల మీద కాదు, అదేం చేసింది పాపం. తప్పుల్లేవమ్మా, బాగానే రాసేవు అని కాయితాలిచ్చి పంపించేసేను. తలుపేసుకుని కూర్చున్నాక మా నాన్న చొక్కా లోపల దాచుకున్న కవరు గుర్తొచ్చింది. ముప్ఫై ఏళ్ళు కావస్తంది. అదిప్పుడెందుకు అని నన్ను నేనే కసురుకున్నాను గానీ పోతేనా.

మాది చోడవరానికి దగ్గర్లో, గోవాడ వెళ్ళే దారిలో ఊరు. నాన్నకి కాస్త చెరుకు, కాస్త వరి. తొంభైల్లో మాట ఇది. నేను రోజూ బస్సెక్కి చోడవరం వెళ్ళి బీయస్సీ చదివేను. మా వీధిలో డిగ్రీ దాకా వచ్చిన మొదటి ఆడగుంటని నేనే. దాంతో ఆగితే బాగుణ్ణు. మా కెమిస్ట్రీ మేష్టారు వెంటపడి ఎమ్మెస్సీ ఎంట్రన్సు రాయించేరు. రేంకు వచ్చింది. విశాఖపట్నంలో సీటిచ్చేమని ఉత్తరం కూడా వచ్చింది. అది రావడం రావడం మంగళవారం మధ్యాహ్నం వచ్చింది. శుక్రవారం సాయంత్రం నాలుగింటిలోగా ఫీజు కట్టాలి, కట్టకపోతే సీటు వెయిటింగ్ లిస్టులో తర్వాతి వాళ్ళకి పోతాది. ఫీజు డిమాండ్ డ్రాఫ్టుగానే తేవాలి, నగదు తీసుకోబడదు. ఆ ఆఖరి మాట కింద ఎవరో స్కేలు పెట్టి మరీ గీత గీసేరు.

ఇక్కడ మా అమ్మ గురించి చెప్పాలి. ఆవిడకి చదువు రాదు. రాకపోయినా కాయితం అంటే మా ఇంట్లో అందరికన్నా ఆవిడకే గౌరవం. మంచి కాయితం ఏది ఇంటికొచ్చినా దేవుడి పటాల దగ్గర పెట్టి నాలుగు మూలలా తడి పసుపు అద్దేది. శుభలేఖలకి ఎవరైనా అద్దుతారు. మా అమ్మ అన్నిటికీ అద్దేది. చెరుకు బిల్లు, భూమి పాసుపుస్తకం, నా టెన్తు సర్టిఫికెట్టు, రేడియో కొన్న రసీదు, ఆఖరికి కరెంటు మీటరు బిగించినప్పుడు ఇచ్చిన కాయితం. హాల్‌టిక్కెట్టయితే మరీను. డిగ్రీ పరీక్షల్లో ఇన్విజిలేటరు నా హాల్‌టిక్కెట్టు మీద సంతకం పెట్టబోయి, వేలికి పసుపంటుకుంటే, ఏటమ్మా పెళ్ళికి పిలుస్తన్నావా అన్నాడు. గదంతా నవ్వింది. నేను ఇంటికొచ్చి అమ్మ మీద ఇంతెత్తున లేచేను. పేసయితే అప్పుడు మాటాడు అంది. పేసయ్యేను. మరింక నోరు ముయ్యి అంది.

సీటొచ్చిన ఉత్తరానికి కూడా ఆ మంగళవారమే పసుపయిపోయింది.

డీడీ అంటే మా నాన్నకి పడలేదు. చేతిలో డబ్బు పట్టుకుని ఎదురుగా నిలబడితే కాదనేవాడెవడు అని ఆయన వాదన. పచ్చటి నోట్లు బేంకోడికిచ్చి, వాడిచ్చిన కాయితం ముక్క ఇంకొకడికిచ్చి, మధ్యలో ఎవడు తిన్నా మనం నోరు మూసుకోడమేనా అన్నాడు. నేను చెప్తే వినలేదు. బుధవారం పొద్దున్న మా మేష్టారి దగ్గరికి తీసుకెళ్తే ఆయన ఓపిగ్గా చెప్పేరు. బస్సుల్లో జేబులు కొడతారు, డీడీ కొట్టేసినా ఎవడికీ పనికిరాదు. అది పోయినా డబ్బు పోదు. కింద ఇద్దరు ఆఫీసర్లు సంతకాలు చేస్తారు, ఆ రెండు సంతకాలూ ఉంటే అది డబ్బే, లేకపోతే ఉత్త కాయితం. నాన్నకి ఆ సంతకాల మాట పట్టుబడింది. దారంతా అదే అనుకుంటా వచ్చేడు. పైవాటా పిల్ల కాయితంలో నమ్మకం అని ఒక గడి ఉంది కదా, మా నాన్నకి అది అలగ కుదిరింది, ఒక మేష్టారి మాట మీద.

అక్కణ్ణించి బేంకుకెళ్ళేం. ఫారం నింపేను. డబ్బు కట్టేం. తీరా చూస్తే రెండో సంతకం పెట్టాల్సిన ఆఫీసరు ఆ రోజు లేడు, రేపు రమ్మన్నారు. నాన్న నా మొహం చూసేడు, చెప్పేనా అన్నట్టు. గురువారం వెళ్తే మధ్యాహ్నానికి చేతికొచ్చింది. యూనివర్సిటీ పేరు, అంకెలు, అక్షరాలు అన్నీ గుండ్రటి చేత్తో రాసున్నాయి. కింద కుడివైపు మూల నీలం సిరాతో రెండు సంతకాలు, ఒకదాని పక్కన ఒకటి. నాన్న దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని బేంకు మెట్లు దిగేడు. ఆయన అంత జాగ్రత్తగా నడవడం నేనెప్పుడూ చూడలేదు.

ఇంటికి రాగానే అమ్మ చేతికిచ్చేడు, పటాల దగ్గర పెట్టమని. అమ్మ వాకిట్లోకి తెచ్చుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఇందులో ఏది ముఖ్యం అని అడిగింది. నాన్న మేష్టారి దగ్గర నేర్చుకున్న పాఠం మొత్తం అప్పచెప్పేడు. వేలు పెట్టి మరీ చూపించేడు, ఇదిగో ఈ రెండు సంతకాలూ, ఇవే డబ్బు, ఇవి లేకపోతే మన గుంట సీటు లేదు అని. నేను లోపల ఓణీ ఇస్త్రీ చేసుకుంటా ఇదంతా వింటన్నాను. నవ్వొచ్చింది కూడా. బేంకంటే పడని మనిషి అమ్మకి బేంకు గురించి పాఠం చెప్తన్నాడు కదా అని.

శుక్రవారం పొద్దున్న బయల్దేరేముందు కవరు ఒకసారి చూద్దామని తీసేను. అమ్మ అప్పటికే డీడీని పాలిథిన్ సంచిలో పెట్టి, సంచిని కవర్లో పెట్టి ఉంచింది. మూడు మూలలా మామూలుగానే పసుపుంది, చిన్న చిన్న చుక్కలు. నాలుగో మూల, సంతకాల దగ్గర, రూపాయి బిళ్ళంత అద్దింది. ముఖ్యమన్నారు కదా మరి. పసుపు ఆరిపోయింది. దాని కింద సిరా అలుక్కుని కాస్త ఆకుపచ్చగా తేలింది. సంతకాలు రెండూ ఒకదాన్లోకి ఒకటి పోయేయి.

నేను చూసేను. చూసి మళ్ళీ కవర్లో పెట్టేసేను. ఎందుకు నోరెత్తలేదో ఇప్పటికీ నాకు అర్థం కాదు. నా కాయితాలన్నీ అలాగే ఉండేవి, ఏదీ ఎప్పుడూ ఆగలేదు. అమ్మ మీద లేస్తే మళ్ళీ పేసవ్వలేదా అంటది. మొదటి బస్సుకి టైమయిపోతంది. పసుపు కాయితం సబ్బునీళ్ళలో ఎర్రబడుతుందని ప్రాక్టికల్సులో రాసి మార్కులు కొట్టినదాన్ని. తడి తగిలితే సిరా కారుతుందని తెలియడానికి బీయస్సీ దేనికి, నా తలకాయ. అప్పుడు చెప్పుంటే చోడవరంలో దిగి, బేంకు తలుపులు తీసేదాకా నిలబడి కొత్తది రాయించుకుని ఏదో ఒక బస్సుకి పోదుం. నాలుగింటికి బోలెడు టైముంది. ఈ లెక్క నాకు శుక్రవారం మధ్యాహ్నం తట్టింది.

సబ్బవరం మీదుగా వెళ్ళే బస్సు. నాన్న దారి పొడుగునా చొక్కా మీద నుంచి కవరు తడుముకుంటా కూర్చున్నాడు. విశాఖపట్నం బస్టాండు కాంప్లెక్సులో దిగి సిటీ బస్సు పట్టుకుని యూనివర్సిటీకెళ్ళేసరికి పదిన్నర. ఆఫీసు ముందు పెద్ద వరస. మా వంతు వచ్చేసరికి పన్నెండయింది. కౌంటర్లో ఒక పెద్దాయన నా సర్టిఫికెట్లు చూసేడు, మార్కులు బాగున్నాయమ్మా అన్నాడు, డీడీ తీసేడు. తీసి ఆగిపోయేడు. వెలుతురుకి ఎత్తి చూసేడు. ఏంటిదని అడిగేడు. పసుపండి, మా అమ్మ పెట్టింది అన్నాను. ఆయన నవ్వుతాడని చూసేను. ఆ ఇన్విజిలేటరు నవ్వినట్టు నవ్వేసి ముద్ర కొట్టేస్తాడని. ఆయన నవ్వలేదు. లేచి లోపల సూపరింటెండెంటు దగ్గరికి పట్టుకెళ్ళేడు.

సూపరింటెండెంటు చెడ్డ మనిషని నేనెప్పుడూ అనలేదు. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. సంతకాలు చెదిరిపోయిన డీడీని బేంకు వెనక్కి పంపేస్తుందమ్మా, వెనక్కొచ్చే డీడీ మీద నేను సీటివ్వలేను అన్నాడు. ఇక్కడ టౌన్లో ఇదే బేంకు బ్రాంచి ఉంది, ఇది చెల్లుతుందని వాళ్ళ చేత రాయించుకు రండి, లేకపోతే నాలుగింటిలోగా వేరేది తెండి అన్నాడు.

ఆటో ఎక్కేం. మా నాన్న ఆటో ఎక్కడం అదే మొదలు. ఆ బ్రాంచిలో ఆఫీసరు కళ్ళజోడు తీసి చూసి, పెట్టుకుని చూసి, మేం సంతకం పోల్చి చూసుకుని డబ్బిస్తాం, పోల్చడానికి ఇక్కడ సంతకం ఏదండీ అన్నాడు. చోడవరం వాళ్ళే దీని మీద రాసివ్వాలన్నాడు. ఎదురుగా ఎస్టీడీ బూతులోంచి చోడవరం బేంకుకి ఫోను చేసేను. మూడుసార్లు ఎంగేజు. నాలుగోసారి ఎత్తేరు. రెండో సంతకం పెట్టినాయనే మాటాడేడు. పెట్టింది నేనేనమ్మా, కానీ ఫోన్లో ఎలగ చెప్తాను, అది పట్టుకు రండి, ఐదు నిమిషాల్లో కొత్తది రాసిస్తాను అన్నాడు. ఐదు నిమిషాలే. బూతులో గడియారం ఒకటీ పది చూపిస్తంది. రెండింటికి ఆయన కౌంటరు మూసేస్తాడు. చోడవరం రెండు గంటల దూరం.

నాన్న వేళ్ళ మీద గంటలు లెక్కపెట్టేడు. మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టేడు. ఇక్కడే డబ్బు కట్టి ఇంకో డీడీ తీయొచ్చు, తీయడానికి డబ్బేదీ? ఉన్నదంతా ఆ కాయితంలోనే ఉంది. ఆయన జేబులో బస్సు చార్జీలున్నాయి. మా ఊరివాళ్ళు గాజువాకలో ఫేక్టరీ పనుల్లో ఉన్నారు, వాళ్ళకోసం వెళ్ళినా ఎవరు ఏ షిఫ్టులో ఉన్నారో, ఉన్నా అంత డబ్బు ఇంట్లో ఎవరు పెట్టుకుంటారు. దొంగలు కొట్టేస్తారని డబ్బుని కాయితం చేసుకున్నాం. దాన్ని తిరిగి డబ్బు చెయ్యడం మాకు చేతకాలేదు.

మళ్ళీ ఆఫీసుకే వచ్చేం, ఇంకెక్కడికి పోతాం. నాన్న సూపరింటెండెంటు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చెరుకు తోటలో పది మందిని కేకలేసి పని చేయించే మనిషి. "రేపు శనివారం బేంకుంటాది బాబూ, పొద్దున్నే కొత్తది తెచ్చి మీ చేతికిస్తాను. ఒక్క పూట ఆపండి" అన్నాడు. సూపరింటెండెంటు మా వైపు చూడలేదు, గోడ గడియారం వైపు చూసేడు. ఆపే అధికారం నాకు లేదండి అన్నాడు. ఎదురు బల్ల మీద ఒక అమ్మాయి, వాళ్ళ నాన్న కూర్చుని ఉన్నారు. వెయిటింగ్ లిస్టులో మొదటి పేరు ఆ అమ్మాయిదే. పొద్దున్నుంచీ అక్కడే ఉన్నారట, ఎవరైనా రాకపోతే ఆ సీటు తమకొస్తదని. మేం ఆ పిల్ల ఎదురుగానే బతిమాలుతున్నాం.

నాలుగయింది. ఆ అమ్మాయిని పిలిచేరు. లేచి ఓణీ సర్దుకుని, నా పక్కనించి వెళ్ళింది. ఫైలు తీసి డీడీ ఇచ్చింది. శుభ్రంగా ఉంది, ఎక్కడా ఒక మరక లేదు. వీళ్ళమ్మకి దేవుడి పటాల్లేవేటి అనుకున్నాను, ఏడుపూ కోపమూ కలిసి. కౌంటర్లో పెద్దాయన ముద్ర కొట్టిన చప్పుడు వినిపించింది. నా సర్టిఫికెట్లు నాకు తిరిగిచ్చేడు, డీడీ అన్నిటికన్నా పైన పెట్టి.

బయట మెట్ల మీద నాన్న కూలబడ్డాడు. మంచినీళ్ళు తెస్తానంటే వద్దన్నాడు.

"మీ అమ్మకి సెప్పకు" అన్నాడు. "మనం ఎళ్ళేసరికే సీట్లు అయిపోయేయని సెప్దాం. తెలిస్తే అది బతకదు."

సరే అన్నాను. పైకి సరే అన్నాను గానీ నాకు అమ్మ మీద కడుపు మండిపోతంది. ఆ మాట దాచడమెందుకు, ఆవిడే చెడగొట్టింది, ఆవిడకి తెలియాలి కదా అనిపించింది. బస్సులో సబ్బవరం దాకా అమ్మని తిట్టుకుంటానే ఉన్నాను. ఆ తర్వాత పొద్దున్న కవరు తీసి చూసిన సంగతి గుర్తొచ్చింది. అక్కణ్ణించి ఇంటిదాకా తిట్టడానికి ఎవరూ మిగల్లేదు.

అమ్మ గుమ్మంలో చెంబుతో నీళ్ళు పెట్టుకుని నిలబడుంది. నాన్న అనుకున్నట్టే చెప్పేడు. అమ్మ యూనివర్సిటీని, ఆఫీసువాళ్ళని, ఉత్తరం ఆలస్యంగా తెచ్చిన పోస్టుమేన్‌ని, వరసపెట్టి తిట్టింది. తిట్టి తిట్టి ఆగి, నాలుగింటిదాకా గడువిచ్చినోళ్ళు ముందే ఎలగిచ్చేసేరు అంది. చదువు రాని మనిషి అడిగిన ప్రశ్న అది. నాన్న చెంబందుకుని కాళ్ళు కడుక్కోడానికి పోయేడు. అమ్మ నా మొహంలోకి చూసింది. తలనొప్పిగా ఉందని నేను లోపలికి పోయేను.

ఆ పై వారం నాన్న డీడీ బేంకులో ఇచ్చేసి డబ్బు వెనక్కి తెచ్చుకున్నాడు. అక్కడి బంట్రోతు మా వీధివాడే. వాడికి టీ ఇప్పించి, మా ఇంటికాడ అనకురా బాబూ అని చెప్పి వచ్చేనన్నాడు నాతో. మేం ఇద్దరం దొంగల్లాగ తిరిగేవాళ్ళం ఇంట్లో. అమ్మ వీధిలో ఎవరైనా అడిగితే, సీట్లు అయిపోయేయంట అని చెప్పేది, మేం చెప్పమన్నట్టే.

మరుసటేడు మళ్ళీ ఎంట్రన్సు రాసేను. హాల్‌టిక్కెట్టు పటాల దగ్గర రెండ్రోజులుంది. పరీక్షకి వెళ్తా తీసి చూస్తే మూలలు తెల్లగా ఉన్నాయి. అమ్మ మరిచిపోయిందనుకున్నాను. నాలుగు చుక్కలు తక్కువయితే పోనీలే అనుకున్నాను కూడా. ఆ ఏడు వచ్చిన చెరుకు బిల్లుకీ పసుపు లేదు. దేవుడి మీద కోపం కాబోలని నాకు నేనే చెప్పుకున్నాను. పసుపు లేకుండా రాసిన పరీక్ష నా బతుకులో అదొక్కటే. రేంకు రాలేదు. మూడోసారి రాస్తానంటే నాన్న ఏమీ అనలేదు, నేనూ మళ్ళీ అడగలేదు. మేష్టారు బజార్లో కనబడితే పక్క సందులోకి తిరిగిపోయేదాన్ని. ఆ పైన సంబంధం వచ్చింది, కుదిరింది.

చోడవరం ప్రెస్సులోంచి శుభలేఖల కట్టలు వచ్చేయి. అమ్మ గిన్నెలో పసుపు తడిపింది. చాప పరిచి కట్ట విప్పేం. మొదటి కార్డుకి తల్లే అద్దాలి. నేను కార్డు పట్టుకుని చూస్తన్నాను, అమ్మ వేలు గిన్నెలో ముంచలేదు. గిన్నెని నా వైపు తోసింది.

"నువ్వే రాయమ్మా" అంది.

పెళ్ళికూతురు తన కార్డుకి తనే ఎలగ రాసుకుంటది, ఏటిది కొత్తగా అన్నాను. అమ్మ గుమ్మం వైపు చూసింది, ఎవరూ లేరని చూసుకుంది.

"నా సెయ్యి ఒద్దు. బేంకు బంట్రోతు ఆ వారమే సెప్పేడు. మీరిద్దరూ సెప్తారేమోనని సూసేను" అంది.

రెండేళ్ళు చూసింది. అన్నం పెడతా చూసింది, ఆ అబద్ధాన్ని వీధిలో మా తరఫున చెప్తా చూసింది. చెప్పాల్సింది నా దగ్గరుంది. ఆ పొద్దున్న నేను కవరు తీసేనమ్మా, అలికిన సంతకాలు చూసేను, చూసి మళ్ళీ పెట్టేసేను, తప్పు నీ ఒక్కదానిదే కాదు అని. గొంతుదాకా వచ్చింది. వాకిట్లో ఎవరో పిలిచేరు, అమ్మ వస్తన్నానంది, నేను గిన్నెలో వేలు ముంచేను.

ఆ రెండొందల కార్డులకీ నేనే పసుపు రాసేను. అమ్మ పక్కన కూర్చుని, ఆరిన కార్డు ఒక్కొక్కటే తీసి కవర్లో పెట్టింది. మూలలు ముట్టుకోకుండా మధ్యలో పట్టుకుని పెట్టింది. ఆవిడ పోయి ఏడేళ్ళయింది. నేను చూసేనన్న మాట ఆవిడకి చెప్పలేదు.